ఆగ్రా కోట తీరిగ్గా చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఆగ్రా వెళ్లే మనవాళ్లందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. తాజ్ చూశాక గంట మిగిలితే కోట చూసి రావచ్చా? శుక్రవారం తాజ్‌కు సెలవు కదా, కోట కూడా మూసేస్తారా? మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఎక్కగలరా?

ముందు వీటికి జవాబులు. గంట చాలదు, కనీసం రెండు గంటలు కావాలి. కోట వారంలో ఏడు రోజులూ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచే ఉంటుంది, శుక్రవారమూ అంతే. ఇక పెద్దవాళ్ల సంగతి: గోల్కొండలో బాలాహిసార్‌కు ఎక్కినట్టు వందల మెట్లు ఇక్కడ లేవు. మొదట్లో ఒక్క ఏటవాలు దారి ఎక్కితే చాలు, తర్వాత నడకంతా ఇంచుమించు సమతలం మీదే.

చాలామంది తాజ్ దగ్గర ఒళ్లు అలిసిపోయి, మిట్ట మధ్యాహ్నం కోటకొచ్చి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. అక్బర్, జహంగీర్, షాజహాన్ ముగ్గురి కట్టడాలూ ఒకే గోడ లోపల, పక్కపక్కన చూడగలిగే చోటు ఇది. దీన్ని తాజ్‌కు తోకలా చూడకండి. దీనికంటూ ఒక పూట కేటాయించండి.

కావలసినవి

- ఒరిజినల్ గుర్తింపు కార్డు. ఆధార్ సరిపోతుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లకు భారతీయుల టికెట్ ధరే వర్తిస్తుంది కాబట్టి ఆ కార్డు ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఉన్న ఫొటో చూపిస్తే కౌంటర్‌లో వాదన తప్పదు.
- పట్టు బాగా ఉన్న చెప్పులు లేదా బూట్లు. అడుగు నున్నగా అరిగిపోయినవి వద్దు.
- మనిషికి లీటరు నీళ్లు, ఎండాకాలమైతే రెండు. టోపీ.
- భుజానికి తగిలించుకునే చిన్న బ్యాగు. సూట్‌కేసుతో కోట దగ్గరికి రావద్దు.
- ఫుల్ ఛార్జింగ్ ఉన్న ఫోన్. ట్రైపాడ్, డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.
- యూపీఐ ఉన్నా సరే, ఐదారు వందలు చిల్లరగా.

తినే వస్తువులు చేతిలో పట్టుకుని తిరగకండి. కోతులున్నాయి. ప్లాస్టిక్ కవర్ చప్పుడైతే చాలు, వచ్చేస్తాయి.

1. రోజు ఖాయం చేసుకోండి

అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. అందులోనూ డిసెంబరు చివర, జనవరి నెలల్లో పొగమంచుతో చిక్కు. ఉదయం పది దాటినా కోట మీది నుంచి తాజ్ కనిపించని రోజులుంటాయి. ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో వెళ్తే తిరుగు రైలుకో విమానానికో మధ్య కనీసం సగం రోజు ఖాళీ ఉంచుకోండి. మే, జూన్ నెలల్లో ఎర్ర ఇసుకరాయి పెనంలా కాలుతుంది. వెళ్లక తప్పకపోతే కోట తెరవగానే లోపల ఉండండి, తొమ్మిదిన్నరకల్లా బయటికి వచ్చేయండి.

వారంలో ఏ రోజు అన్నది ఎక్కువమంది తప్పుచేసే చోటు. తాజ్‌కు శుక్రవారం సెలవు. ఢిల్లీ ఎర్రకోటకు సోమవారం సెలవు. ఢిల్లీ నుంచి ఆగ్రా వచ్చే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ శుక్రవారం నడవదు. ఢిల్లీ, ఆగ్రా రెండూ కలిపి వెళ్లేవాళ్లు ఈ మూడూ కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే టికెట్లు తీయండి. మీకు దొరికింది శుక్రవారమే అయితే దిగులు పడక్కర్లేదు. ఆ రోజు కోట, నూర్జహాన్ తండ్రి ఇతిమాద్-ఉద్-దౌలా సమాధి, సికంద్రాలో అక్బర్ సమాధి చూసి, శనివారం ఉదయం తాజ్ పెట్టుకోండి.

2. వేళ ఎంచుకోండి

కోటలోని పాలరాతి మహళ్లన్నీ తూర్పు గోడ మీద, యమున వైపు ఉంటాయి. అక్కడి నుంచి తాజ్ నదికి దిగువన, ఆగ్నేయ దిశలో, సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది. ఉదయం పూట సూర్యుడు తాజ్ వెనక ఉంటాడు. బూడిదరంగు నీడ తప్ప ఏమీ తెలియదు. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ మీ వెనక నుంచి తాజ్ మీద పడుతుంది, గుమ్మటం, మీనార్లు విడివిడిగా తేలతాయి.

అందుకే చలికాలంలో సూర్యోదయానికి తాజ్, మధ్యాహ్నం రెండున్నరకు కోట. ఇదే క్రమం. తిరగేస్తే రెండూ చెడతాయి: తాజ్ దగ్గర జనం ఎక్కువ, కోట దగ్గర వెలుగు తక్కువ. సూర్యాస్తమయానికి గంటన్నర ముందు లోపలికి వెళ్తే చాలనుకోకండి. టికెట్ కౌంటర్ సూర్యాస్తమయం కన్నా ముందే మూస్తారు. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గూకుతుంది. గార్డులు ఈలలు వేస్తూ మిమ్మల్ని దీవాన్-ఎ-ఆమ్ (బహిరంగ దర్బారు హాలు) చూడకుండానే బయటికి పంపేస్తారు.

3. ప్రయాణం

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా కంటోన్మెంట్ స్టేషన్‌లో ఆగుతాయి. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే తమిళనాడు ఎక్స్‌ప్రెస్, జీటీ, కేరళ ఎక్స్‌ప్రెస్ కూడా అంతే. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉదయం హైదరాబాద్‌లో బయల్దేరి మర్నాడు తెల్లవారుజామున ఆగ్రా చేరుతుంది. గది బుక్ చేసేటప్పుడు ఇక్కడే పొరపడతారు. తెల్లవారుజామున గది చేతికి రావాలంటే ముందు రోజు తేదీకి బుక్ చేయాలి, లేదా తొందరగా చెక్-ఇన్ ఇస్తామని హోటల్ వాళ్లతో ముందే ఫోన్‌లో ఖాయం చేసుకోవాలి.

గది అక్కర్లేదు, ఒక్కరోజులో చూసి సాయంత్రం ఢిల్లీ వెళ్లిపోతాం అనుకుంటే సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టండి. బ్యాగుకు తాళం వేసి ఉండాలి, రైలు టికెట్ చూపాలి. తాళం లేని బ్యాగు తీసుకోరు కాబట్టి ఇంటి నుంచే రెండు చిన్న తాళాలు తెచ్చుకోండి.

విమానంలో ఢిల్లీ దిగేవాళ్లకు గతిమాన్ మంచి దారి. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి ఆగ్రా కంటోన్మెంట్‌కు గంటా నలభై నిమిషాలు. కారులో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద వస్తే మూడున్నర, నాలుగు గంటలు వేసుకోండి.

4. సరైన గేటుకు చేరండి

పర్యాటకులకు ప్రవేశం ఒక్కటే: దక్షిణాన ఉన్న అమర్ సింగ్ గేటు. పడమటి వైపు ఢిల్లీ గేటు ఇంకా పెద్దది, ఇంకా అందమైంది. కానీ ఆ భాగం సైన్యం చేతిలో ఉంది, అటునుంచి లోపలికి పంపరు. ఆగ్రా ఫోర్ట్ రైల్వే స్టేషన్ ఉన్నది ఆ వైపే. పేరు చూసి స్టేషన్‌లో దిగి, ఎదురుగా కనిపించే గోడ వైపు నడిచినవాళ్లు సామానుతో కోట చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఆటో ఎక్కేటప్పుడు "కిలా" అని ఊరుకోకండి, "అమర్ సింగ్ గేట్" అని చెప్పండి. మ్యాప్‌లోనూ అదే పేరు కొట్టండి. కంటోన్మెంట్ స్టేషన్ నుంచి దూరం సుమారు ఐదు కిలోమీటర్లు. స్టేషన్ బయట ప్రీపెయిడ్ ఆటో బూత్ ఉంది, చీటీ తీసుకుని ఎక్కండి. తాజ్ వైపు నుంచి వస్తుంటే 2024 మార్చిలో మొదలైన మెట్రో వాడుకోవచ్చు. తాజ్ మహల్ స్టేషన్‌లో ఎక్కితే తర్వాతిదే ఆగ్రా ఫోర్ట్ మెట్రో స్టేషన్. ఈ మెట్రో స్టేషన్ వేరు, పైన చెప్పిన రైల్వే స్టేషన్ వేరు.

ఒక హెచ్చరిక. "కోట ఈ రోజు బంద్, నేను మంచి పాలరాతి ఫ్యాక్టరీ చూపిస్తా" అని ఆటోవాలా ఎవరైనా అంటే నమ్మకండి. వాళ్లకు దుకాణం నుంచి కమీషన్ ముడుతుంది. గేటు దాకా వెళ్లి మీ కళ్లతో చూసుకోండి.

5. టికెట్

ఆన్‌లైన్‌లో పురావస్తు శాఖ, అంటే ఏఎస్ఐ వాళ్ల అధికారిక సైట్‌లోనే తీయండి. కోట దగ్గర అతికించిన క్యూఆర్ బోర్డును ఫోన్‌తో స్కాన్ చేసినా అక్కడికే వెళ్తుంది. కౌంటర్ లైను పొడుగ్గా ఉంటే ఇదే సులువు. భారతీయులకు టికెట్ 50 రూపాయలు, విదేశీయులకు 650. ఆన్‌లైన్‌లో కొంత తగ్గుతుంది. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు సైట్‌లో ఒకసారి చూసుకోండి.

డబ్బు కట్టేముందు మూడు చూడండి: ఊరు ఆగ్రా అని ఉందా, కట్టడం పేరు ఆగ్రా ఫోర్ట్ అని ఉందా, తేదీ మీరు వెళ్లే తేదీయేనా. "రెడ్ ఫోర్ట్" అని కనిపించగానే నొక్కేసి ఢిల్లీ ఎర్రకోటకు టికెట్ తీసుకునేవాళ్లు చాలామంది. ఆగ్రా కోటా ఎర్రగానే ఉంటుంది మరి. టికెట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గేటు దగ్గర సిగ్నల్‌ను నమ్ముకోవద్దు.

గైడు కావాలనుకుంటే మెడలో ప్రభుత్వ లైసెన్స్ కార్డు ఉన్నవాళ్లనే మాట్లాడుకోండి. మనిషికి ఇంత అని కాదు, మీ గుంపు మొత్తానికి ఎంత, ఎన్ని గంటలు అని అడగండి. తర్వాత దుకాణాలకు తీసుకెళ్లొద్దని ముందే చెప్పేయండి. గైడు లేకున్నా నష్టం లేదు. కింద చెప్పిన వరసలో నడిస్తే సరిపోతుంది.

టాయిలెట్ పని టికెట్ కౌంటర్ దగ్గరే ముగించుకోండి.

6. లోపల నడిచే వరస

తెలుసుకోవలసిన చరిత్ర ఇంతే. 1565లో అక్బర్ పాత ఇటుక కోట ఉన్నచోట ఎర్రరాతితో ఇది కట్టించడం మొదలుపెట్టాడు, సుమారు ఎనిమిదేళ్లు పట్టింది. అతని మనవడు షాజహాన్ చాలా భవనాలు తీయించి పాలరాతివి కట్టించాడు. కాబట్టి ఎరుపు కనిపిస్తే అక్బర్, జహంగీర్ కాలం, తెలుపు కనిపిస్తే షాజహాన్ కాలం అనుకోండి. నూటికి తొంభై సార్లు సరిపోతుంది. ఎరుపు నుంచి తెలుపుకు నడవండి.

*ర్యాంపు.* కందకం మీది వంతెన దాటి, రంగు పలకలున్న గేటులోంచి వెళ్లగానే దారి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. దండెత్తి వచ్చే ఏనుగుకు పరుగు అందకూడదని అలా కట్టారు. తర్వాత రెండు ఎత్తైన గోడల మధ్య రాతి ఏటవాలు. వాన పడిన రోజు జారుతుంది. పెద్దవాళ్లను గోడ వారగా, మధ్యలో ఒకసారి ఆగి, నెమ్మదిగా తీసుకెళ్లండి. చక్రాల కుర్చీని తోయాలంటే బలమైన మనిషి కావాలి. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించాలి.

*జహంగీరీ మహల్.* ర్యాంపు దాటగానే అందరూ తిన్నగా ముందుకు, దీవాన్-ఎ-ఆమ్ వైపు నడుస్తారు. మీరు కుడికి తిరగండి. పచ్చిక పక్కన ఎర్రటి మహల్, దాని ముందు పెద్ద రాతి తొట్టి. ఒకే రాయి తొలిచి చేసిన ఈ తొట్టి ఎత్తు సుమారు ఐదడుగులు. పైకెక్కడానికి బయట, దిగడానికి లోపల మెట్లు చెక్కారు. అంచు చుట్టూ పారసీ అక్షరాలు. జహంగీర్ కాలం నాటిది.

పేరు జహంగీర్‌దైనా మహల్ కట్టించింది అక్బరే అంటారు, రాణివాసం కోసం. లోపలి ముంగిట్లో నిలబడి చూరు కింద రాతి బ్రాకెట్లు చూడండి. కొయ్యతో చేసే పనంతా రాతితో చేశారు. గుజరాత్, రాజస్థాన్ శిల్పుల చేయి అది. దీనికి అరగంట ఇవ్వండి. కోట మొత్తంలో జనం తొందరపడి వదిలేసేది ఇదే. ఎరుపు సరిగ్గా చూడకపోతే తర్వాత వచ్చే తెలుపు విలువ తెలియదు.

*ఖాస్ మహల్, అంగూరీ బాగ్.* మహల్ వెనక వైపుగా నది పక్కకు వెళ్తే రంగు మారిపోతుంది. తెల్లటి ఖాస్ మహల్, ముందు అంగూరీ బాగ్ తోట, రెండు పక్కల బెంగాలీ గుడిసె కప్పుల్లా వంగిన బంగారు మండపాలు. శీష్ మహల్, అంటే అద్దాల మహల్, ఇక్కడే ఒక మూలన ఉంటుంది. తలుపు చాలా వరకు మూసే ఉంటుంది, దానికోసం సమయం పోగొట్టుకోవద్దు.

*ముసమ్మన్ బుర్జ్.* నది వైపున్న ఎనిమిది పలకల బురుజు. తాజ్ ఫొటో కోసం జనం గుమిగూడే చోటు. 1658లో ఔరంగజేబు తన తండ్రి షాజహాన్‌ను ఈ కోటలోనే నిర్బంధించాడు. 1666 జనవరిలో షాజహాన్ ఇక్కడే పోయాడు, చివరిదాకా కూతురు జహనారా దగ్గరుంది. బుర్జు లోపలికి ఒక్కోసారి పంపరు, తాడు కట్టేసి ఉంటుంది. అయినా బయటినుంచే స్తంభాల అడుగు భాగాన్ని దగ్గరగా చూడండి. పాలరాతిని పూరేకు ఆకారంలో తొలిచి, అదే ఆకారానికి అరగదీసిన రంగురాయిని అందులో పొదిగారు. కొన్ని పువ్వుల్లో రాళ్లు ఊడిపోయి ఖాళీ గుంటలు మిగిలాయి. పని ఎలా చేశారో నిండుగా ఉన్న పువ్వు కన్నా ఆ గుంటే బాగా చెప్తుంది: ఎంత లోతు తొలిచారు, అంచు ఎంత పదునుగా పెట్టారు అన్నది కనిపిస్తుంది. వేలు పెట్టకండి. చెమట పాలరాతికి మరక చేస్తుంది.

ఫోన్‌తో తాజ్ తీస్తే అగ్గిపెట్టెంత వస్తుంది. రెండు, మూడు రెట్ల జూమ్ ఉంటే వాడండి, అంతకు మించితే చుక్కలు చుక్కలుగా చెడిపోతుంది. తోరణంలోంచి తీసేటప్పుడు తెర మీద తాజ్‌నే వేలితో తాకి వెలుగు సరిచేయండి. లేకపోతే తోరణం బాగుంటుంది, తాజ్ తెల్లగా మాడిపోతుంది.

*దీవాన్-ఎ-ఖాస్ ముందరి మిద్దె.* దీవాన్-ఎ-ఖాస్ అంటే ఆంతరంగిక దర్బారు హాలు. దాని ముందు నల్లరాతి సింహాసనం ఉంది. సలీం, అంటే తర్వాత జహంగీర్ అయినవాడు, యువరాజుగా ఉన్నప్పుడు 1602 ప్రాంతంలో చేయించుకున్నది. పలక అడ్డంగా పగిలి ఉంది. ఎదురుగా తెల్లరాతి పీఠం. ఎక్కి కూర్చోవద్దు, పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. మిద్దె అంచు గోడలు తక్కువ ఎత్తు, అవతల కందకం దాకా నిట్టనిలువు. పిల్లల చేయి వదలకండి.

*మచ్ఛీ భవన్ మీదుగా దీవాన్-ఎ-ఆమ్.* మచ్ఛీ భవన్ అంటే చుట్టూ వసారాలున్న ముంగిలి. అది దాటితే చివరికి దీవాన్-ఎ-ఆమ్. స్తంభాలన్నీ పాలరాయిలా కనిపిస్తాయి, కాదు. ఎర్ర ఇసుకరాయి మీద తెల్లటి సున్నపు పూత. పెచ్చులూడిన చోట అడుగున ఎరుపు తొంగి చూస్తుంది, వెతకండి. హాలు మూలకు వెళ్లి ఐమూలగా చూస్తే తోరణాలన్నీ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ఫొటోకు అదే చోటు. ముంగిట్లో ఉన్న సమాధి 1857లో ఈ కోటలోనే చనిపోయిన బ్రిటిష్ లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ కోల్విన్‌ది. ఇటు నుంచి కనిపించే మోతీ మసీదులోకి ప్రవేశం లేదు, గార్డును బతిమాలి లాభం లేదు.

మధ్యలో ఎక్కడైనా దారి కట్టేసి ఉంటే కంగారు పడకండి. వెనక్కి వచ్చి అంగూరీ బాగ్ తోట మీదుగా, లేదా దీవాన్-ఎ-ఆమ్ ముంగిలి వైపు నుంచి మెట్లెక్కి మచ్ఛీ భవన్‌లోకి, నది పక్కకు చేరవచ్చు. గంటే ఉందంటారా, అప్పుడు అంగూరీ బాగ్ నుంచి మొదలుపెట్టి బుర్జు, నల్ల సింహాసనం, దీవాన్-ఎ-ఆమ్ చూసి దిగేయండి. జహంగీరీ మహల్ ముఖద్వారం మాత్రం బయటినుంచైనా చూడండి.

7. దిగేముందు సరిచూసుకోండి

ర్యాంపు దగ్గరకొచ్చాక ఒక్క నిమిషం ఆగండి. టికెట్ ఒక్కసారి ప్రవేశానికే, దిగాక మళ్లీ రానివ్వరు.

- పగిలిన నల్ల సింహాసనం గుర్తులేదంటే మీరు నది పక్క మిద్దె మీదికి వెళ్లలేదు.
- రాళ్లు ఊడిన పువ్వు గుంటలు చూడలేదంటే బుర్జు దగ్గర తాజ్ ఫొటో మాత్రమే తీసుకున్నారు.
- మెట్లున్న రాతి తొట్టి చూడలేదంటే లోపలికి రాగానే కుడికి తిరగలేదు. అది ఇక్కడికి దగ్గరే, పది నిమిషాల్లో చూసి రావచ్చు.
- ఫొటోల్లో తాజ్ ఒక్కదానిలోనైనా స్పష్టంగా ఉందా? పెద్దది చేసి చూడండి.

సాయంత్రం గతిమాన్‌కు ఢిల్లీ వెళ్లేవాళ్లు, ఆ రైలు ఆగ్రాలో బయల్దేరేది 5:50కి కాబట్టి, 4:45కల్లా గేటు బయట ఉండాలి. ఆ వేళ ట్రాఫిక్‌లో స్టేషన్‌కు అరగంట పడుతుంది. క్లోక్‌రూమ్‌లో సామాను తీసుకోవడానికి ఇంకో పావుగంట.